ల్యాబ్‌లోది ల్యాబ్‌లోనే ఉండాలి: మైక్రోబయాలజీ ప్రాక్టికల్స్‌లో చేయవలసినవి, చేయకూడనివి

డిగ్రీ మొదటి సంవత్సరం, రెండో ప్రాక్టికల్. ఆ కుర్రాడి ఎడమ చేతిలో పెట్రీ ప్లేటు, కుడి చేతిలో మార్కర్ పెన్ను. ప్లేటు అడుగున పేరు రాయాలి. మార్కర్ మూత తీయడానికి మరో చెయ్యి ఖాళీ లేక, దాన్ని పళ్లతో పట్టి లాగాడు. రాసినంతసేపూ అది పళ్ల మధ్యే ఉంది. అంతకుముందు అదే మార్కర్‌ని ఆ బెంచీ మీద నలుగురు వాడారు, కల్చర్ ట్యూబులు పట్టుకున్న చేతులతోనే. నేను దగ్గరికి వెళ్లి చెప్పేదాకా నోట్లో మూత ఉన్న సంగతి అతనికే తెలియదు.

ఆ అబ్బాయికి ఏమీ కాలేదు. కానీ ఏళ్లుగా ప్రాక్టికల్స్ చెబుతున్న నన్ను గాజు పగిలిన చప్పుడు కన్నా ఆ మూతే ఎక్కువ భయపెడుతుంది. గాజు పగిలితే అందరం అటు తిరుగుతాం, జాగ్రత్త పడతాం. పళ్ల మధ్య మూత చప్పుడు చేయదు.

ఈ భయానికి ఆధారాలున్నాయి. 2010 ఆగస్టు నుంచి 2011 జూన్ దాకా అమెరికాలోని 38 రాష్ట్రాల్లో 109 మందికి సాల్మొనెల్లా టైఫీమ్యూరియం సోకింది. ఒకరు చనిపోయారు. ఆరా తీస్తే చాలామందికి మైక్రోబయాలజీ ల్యాబులతో సంబంధం ఉందని తేలింది. కొందరు విద్యార్థులు, కొందరు ఉద్యోగులు. రోగుల్లో దొరికిన రకానికీ, ల్యాబుల వాడకానికి మార్కెట్లో అమ్మే రకానికీ తేడా కనిపించలేదు. మనసు కలిచివేసేది ఇంకొకటి ఉంది. జబ్బుపడిన వాళ్లలో పసిపిల్లలున్నారు. వాళ్లు ఏ ల్యాబులోనూ అడుగుపెట్టలేదు. వాళ్ల ఇళ్లలో ఎవరో మైక్రోబయాలజీ ల్యాబులో చదువుతున్నారు, లేదా పనిచేస్తున్నారు. 2014లో 13 రాష్ట్రాల్లో 41 మందికి, 2017లో 16 రాష్ట్రాల్లో 24 మందికి మళ్లీ ఇలాగే సోకింది.

ల్యాబుల్లో సోకిన జబ్బుల మీద రాబర్ట్ పైక్ 1976లో ప్రచురించిన సర్వేలో 3,921 కేసులున్నాయి. వాటిలో ఫలానా ప్రమాదం వల్ల సోకిందని చెప్పగలిగినవి అయిదో వంతు కూడా లేవు. మిగతావాళ్లలో ఎవరికీ ఏమీ ఒలికిన గుర్తు లేదు, గుచ్చుకున్న గుర్తు లేదు. రోజూ చేసే పనిలోనే ఎక్కడో అంటుకుంది.

మన పని కంటికి కనబడని వాటితో. కన్ను కాపాడలేని చోట అలవాటే కాపాడాలి. అందుకే కింద ప్రతి జాగ్రత్త పక్కనా దాని కారణం కూడా రాశాను. కారణం తెలిస్తే, మేడమ్ చూడనప్పుడు కూడా చెయ్యి తప్పు చేయదు.

మీ బెంచీ మీద ఉన్నది ఏది?

మొదటి సంవత్సరం వాళ్లకి సాధారణంగా ఇచ్చేవి బ్యాసిల్లస్ సబ్టిలిస్, ఈ.కొలై కె-12, స్టెఫైలోకోకస్ ఎపిడెర్మిడిస్, ఈస్ట్ లాంటివి. ఇవి ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు మామూలుగా జబ్బు తేవు. ఇలాంటి వాటితో పని బయోసేఫ్టీ లెవెల్-1 కిందికి వస్తుంది. స్టెఫైలోకోకస్ ఆరియస్, సాల్మొనెల్లా లాంటివి లెవెల్-2. వాటికి ఇంకా కట్టుదిట్టమైన ఏర్పాట్లు కావాలి.

'ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు' అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఎర్రటి కాలనీలు పెట్టే సెర్రేషియా మార్సిసెన్స్ మీ రికార్డులో వస్తుంది. ఒకప్పుడు దాన్ని పూర్తిగా నిరపాయమైనదని నమ్మారు. 20వ శతాబ్దం తొలి దశకంలో ఎం.హెచ్. గోర్డన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దాని కల్చర్‌ని నోట్లో పుక్కిలించి, బ్రిటిష్ పార్లమెంటు సభలో నిలబడి షేక్స్‌పియర్ రచనలు గట్టిగా చదివాడు. మాట్లాడేటప్పుడు తుంపర్లు ఎంత దూరం వెళ్తాయో ప్లేట్ల మీద చూడాలని ఆయన ప్రయత్నం. అదే సెర్రేషియా ఈరోజు ఆస్పత్రుల్లో నీరసించిన రోగులకు ఇన్ఫెక్షన్లు తెచ్చే బ్యాక్టీరియాగా పేరుపడింది.

చేయవలసినవి
- ప్రతి ప్రాక్టికల్ ముందు ఆ రోజు వాడే జీవి పేరు, దాని బయోసేఫ్టీ లెవెల్ అడిగి రికార్డులో రాసుకోండి.
- గర్భవతులు, షుగర్ ఉన్నవాళ్లు, స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు ముందే టీచరుకి విడిగా చెప్పండి. ఇంట్లో పసిబిడ్డ, మంచం పట్టిన పెద్దవాళ్లు ఉన్నా చెప్పండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.
- రక్తంతో చేసే ప్రాక్టికల్స్ ఉంటే హెపటైటిస్-బి టీకా డోసులు పూర్తి చేసుకోండి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు పెట్టుకోండి.

చేయకూడనివి
- 'ఇది నాన్-పాథోజెన్, ఏం కాదు' అని జాగ్రత్త సడలించకండి. ట్యూబులో వేరే జీవి కలిసి ఉండొచ్చు, లేబుల్ తారుమారై ఉండొచ్చు. ప్రతి కల్చర్‌నీ జబ్బు తేగలిగినదే అనుకుని పట్టుకోండి.
- లేబుల్ లేని ట్యూబును 'బహుశా ఇదే' అని వాడకండి. అది నేరుగా డిస్కార్డ్‌కే వెళ్లాలి.

ల్యాబులో అడుగుపెట్టే ముందు

చేయవలసినవి
- ఆ రోజు ప్రొసీజర్ ముందే ఒకసారి చదివి రండి. చేతిలో వేడి లూప్ పట్టుకుని మాన్యువల్‌లో తర్వాతి లైను వెతికే సమయంలోనే తప్పులు జరుగుతాయి.
- మోకాళ్ల దాకా వచ్చే, నిండు చేతుల కాటన్ ఏప్రాన్ వేసుకుని గుండీలన్నీ పెట్టుకోండి. సింథటిక్ బట్ట అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది.
- జడ ముడి వేసుకోండి. చున్నీ ఏప్రాన్ లోపలికి దోపి, వెనక్కి లాగి పిన్ను పెట్టుకోండి. ముందుకి వంగినప్పుడు చున్నీ అంచు సరిగ్గా ల్యాంపు ఎత్తులోకి వస్తుంది.
- వేళ్లు కప్పే బూట్లు వేసుకోండి. పగిలిన గాజు, మరిగే అగార్ రెండూ పాదాల మీదే పడతాయి.
- చేతుల మీద కోసుకున్న చోట, గోరుచుట్టు దగ్గర, మొటిమ గిల్లిన చోట నీళ్లకు తడవని ప్లాస్టర్ వేసి, మంట లేని పనులకు పైన గ్లవ్స్ తొడుక్కోండి.
- బ్యాగు, టిఫిన్ బాక్సు, హెల్మెట్ బయటి రాక్‌లోనే పెట్టండి. బెంచీ మీదకు ల్యాబ్ నోట్సు, ల్యాబుకే కేటాయించిన పెన్ను, మార్కర్ మాత్రమే రావాలి.

చేయకూడనివి
- ఏప్రాన్‌తో క్యాంటీన్‌కి, లైబ్రరీకి, బస్సు ఎక్కడానికి వెళ్లొద్దు. ఏప్రాన్ ముందు భాగం రెండు గంటలు బెంచీని రాసుకుంటూ ఉంటుంది. దాన్ని విడిగా కవరులో కట్టి తీసుకెళ్లి, ఇంట్లో మిగతా బట్టలతో కలపకుండా వేడి నీళ్లలో ఉతకాలి.
- ఫోను బెంచీ మీద పెట్టొద్దు. ప్లేటు పట్టుకున్న వేలే స్క్రీను మీద ఆడుతుంది, సాయంత్రం అదే స్క్రీను చెంపకి ఆనుతుంది. కాలనీల ఫొటో తప్పనిసరైతే ఒకరు ఫోను మాత్రమే, ఇంకొకరు ప్లేటు మాత్రమే పట్టుకోవాలి.
- గాజులు, ఉంగరాలు, పొడుగు గోళ్లు వద్దు. వాటి కింద సబ్బు చేరదు.

చేతికీ నోటికీ మధ్య దూరం

నోటితో పీల్చే పిపెట్ల వల్ల జబ్బు సోకినట్టు 1893 నాటికే నమోదైంది. ఒక వైద్యుడు టైఫాయిడ్ కల్చర్‌ని పొరపాటున నోట్లోకి పీల్చుకున్నాడు. ఇప్పుడు పిపెట్ బల్బులు, మైక్రోపిపెట్లు వచ్చాయి, నోటితో పీల్చే అవసరమే లేదు. కానీ చెయ్యి నోటి దగ్గరికి వెళ్లే దారులు ఇంకా చాలా ఉన్నాయి.

చేయవలసినవి
- పని మొదలుపెట్టే ముందు, అయ్యాక బెంచీని 70 శాతం ఆల్కహాల్‌తోగానీ, అప్పుడే కలిపిన హైపోక్లోరైట్‌తోగానీ తుడవండి. ఎక్కువ శాతం ఆల్కహాల్ ఎక్కువ పనిచేస్తుందని అనుకోవద్దు. ప్రొటీన్లు విరగడానికి కొంత నీరు కావాలి. పైగా గాఢమైన ఆల్కహాల్ పని పూర్తికాకముందే ఆవిరైపోతుంది. ఏ ఆల్కహాలూ స్పోర్లను చంపదన్నది గుర్తుంచుకోండి.
- చేతులు సబ్బుతో కనీసం 20 సెకన్లు కడుక్కోండి. బొటనవేలు చుట్టూ, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద రుద్దండి. టిష్యూతో తుడుచుకుని, అదే టిష్యూతో కుళాయి కట్టేయండి. మురికి చేతులతో తిప్పిన కుళాయి అది.
- గ్లవ్స్ తీసేటప్పుడు మణికట్టు దగ్గర పట్టి లోపలి వైపు బయటికి వచ్చేలా ఒలవండి. తీశాక కూడా చేతులు కడుక్కోవాలి.

చేయకూడనివి
- తినడం, తాగడం, చూయింగ్ గమ్, లిప్ బామ్ ఏవీ వద్దు. మంచినీళ్ల సీసా కూడా బయటే ఉండాలి.
- వేలు నాలుకకి తడి చేసుకుని రికార్డు పేజీ తిప్పొద్దు. చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు, మనకు తెలియకుండానే జరిగిపోతుంది. ఇవాళే పక్కవాళ్లకి చెప్పండి, మీరు వేలు నోటి దగ్గరికి తీసుకెళ్తే ఆపమని.
- పెన్ను కొరకడం, గోళ్లు కొరకడం, కళ్లు నలుపుకోవడం, కళ్లజోడు సర్దుకోవడం మానండి. కళ్లజోడు జారుతుంటే ముందే తాడు కట్టుకోండి.
- గ్లవ్స్ తొడిగిన చేత్తో తలుపు గడియ, స్విచ్చు, ఫోను ముట్టుకోవద్దు. గ్లవ్స్ మీ చేతిని కాపాడతాయి. మీ తర్వాత ఆ గడియ పట్టుకునేవాళ్లను కాపాడలేవు.

మంట దగ్గర

నేను పీజీ చదివేటప్పుడు పక్క బెంచీలో జరిగిన సంగతి ఇది. ఒకమ్మాయి గాజు స్ప్రెడర్‌ని స్పిరిట్‌లో ముంచి, ల్యాంపు మీద చూపించి, మంట పూర్తిగా ఆరకముందే మళ్లీ బీకరులో పెట్టింది. బీకరు అంటుకుంది. కిటికీలోంచి ఎండ పడుతోంది కాబట్టి ఆ మంట ఎవరికీ సరిగా కనబడలేదు. వేడి తగిలాక గాభరాపడి బీకరు ఎత్తి సింకు వైపు పరుగెత్తబోయింది. స్పిరిట్ ఒలికి మంట ఏప్రాన్ చెయ్యి మీదకు పాకింది. ల్యాబ్ అటెండర్ గారు తడి గుడ్డ ఆమె చేతికి చుట్టి, కింద పెట్టిన బీకరు మీద పెద్ద గాజు మూత బోర్లించారు. క్షణంలో ఆరిపోయింది. ఆ మూత మొదటి నుంచీ అదే బెంచీ మీద ఉంది.

చేయవలసినవి
- స్ప్రెడర్ ముంచే స్పిరిట్ చిన్న బీకరులో వేలి మందం మాత్రమే పోయండి. దాన్ని ల్యాంపుకి దూరంగా, మూత పక్కనే పెట్టుకోండి. అంటుకుంటే బీకరును కదపకుండా మూత బోర్లించండి.
- ప్లేటింగ్ చేసేటప్పుడు ఎంత ఉక్కపోతగా ఉన్నా సీలింగ్ ఫ్యాను ఆపండి. గాలికి మంట మీ వైపు వాలుతుంది, ప్లేటులోకి దుమ్ము, ప్లేటులోంచి జీవులు లేస్తాయి.
- స్పిరిట్ ల్యాంపును దాని మూత పెట్టే ఆర్పండి. బున్సెన్ అయితే గ్యాసు వాల్వ్ కట్టేయండి.
- మంటలు ఆర్పే సిలిండరు, ఇసుక బకెట్టు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, మెయిన్ స్విచ్ ఎక్కడున్నాయో మొదటి రోజే వెళ్లి చూసి రండి.

చేయకూడనివి
- వెలుగుతున్న ల్యాంపులోగానీ, ఇంకా వేడిగా ఉన్న ల్యాంపులోగానీ స్పిరిట్ పోయొద్దు. ఒక ల్యాంపును వంచి ఇంకోదాన్ని వెలిగించొద్దు. నోటితో ఊదొద్దు.
- శానిటైజర్ లేదా స్పిరిట్ రాసుకున్న చేత్తో వెంటనే అగ్గిపుల్ల గీయొద్దు. పూర్తిగా ఆరనివ్వండి.
- పలచటి గ్లవ్స్‌తో మంట దగ్గర పనిచేయొద్దు. అవి కరిగి వేలికి అతుక్కుంటాయి. టీచరు చెప్పిన పనికే గ్లవ్స్, మంట పనికి కడిగిన ఉత్త చేతులు.
- వెలుగుతున్న ల్యాంపును వదిలేసి 'ఒక్క నిమిషం' అని కూడా వెళ్లొద్దు.

లూప్, పిపెట్, ప్లేటు

మైక్రోబయాలజీ ల్యాబులో అన్నిటికన్నా మోసకారి తుంపర. కల్చర్‌లోంచి లేచే అతి సన్నని బిందువులు గాలిలో తేలుతూ ఉంటాయి, కంటికి ఆనవు. ఎర్రగా కాలిన లూప్‌ని చల్లారనివ్వకుండా కల్చర్‌లో ముంచితే వచ్చే 'చుయ్' చప్పుడు మీకు తెలుసు కదా. ఆ చప్పుడు వినబడిందంటే తుంపర లేచినట్టే.

చేయవలసినవి
- లూప్‌ని ఎర్రగా కాల్చి, పది పదిహేను సెకన్లు ఆగి, ట్యూబు లోపలి గోడకో, కాలనీలు లేని అగార్‌కో తాకించి, చల్లారాకే వాడండి.
- కల్చర్ అంటిన లూప్‌ని ఒక్కసారిగా మంటలో పెట్టకండి. మెల్లగా దగ్గరికి తెచ్చి, తడి ఆరనిచ్చి, తర్వాత ఎర్రగా కాల్చండి.
- పిపెట్ కొనను ట్యూబు గోడకి ఆనించి మెల్లగా వదలండి. కల్చర్ పట్టిన టిప్పు, పిపెట్ నేరుగా డిసిన్ఫెక్టెంట్ జార్‌లోకి వెళ్లాలి.
- దూది ప్లగ్గును చిటికెనవేలితో పట్టుకుని తీయడం ఖాళీ ట్యూబుతో బాగా సాధన చేయండి. ప్లగ్గు బెంచీ మీద పెట్టే అవసరమే రాకూడదు.
- పేరు, తేదీ, జీవి, మీడియా పేరు ప్లేటు అడుగు భాగం మీద రాయండి. మూత మీద రాస్తే మూతలు మారినప్పుడు జీవులే మారిపోతాయి. ఇంక్యుబేటర్‌లో ప్లేట్లను బోర్లించి పెట్టండి, లేకపోతే మూతకి పట్టిన నీటి చుక్కలు కాలనీల మీద పడి చెదరగొడతాయి.
- ట్యూబుల్ని స్టాండులోనే తీసుకెళ్లండి. ఏప్రాన్ జేబు ట్యూబుకి చోటు కాదు.
- సెంట్రిఫ్యూజ్‌లో ఎదురెదురు ట్యూబులు ఒకే బరువు ఉండాలి. లోపల ట్యూబు పగిలిన చప్పుడు వస్తే ఆపేసి, తుంపర అణగడానికి అరగంట ఆగి, టీచరు సమక్షంలో తెరవండి.

చేయకూడనివి
- పెరిగిన ప్లేటు మూత తీసి వాసన చూడొద్దు. సూడోమోనాస్ ఎరుజినోసా ద్రాక్షపండు వాసన వేస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. పరీక్షకు చదువుకోవడానికి ఆ వాక్యం చాలు. ముక్కుతో నిర్ధారించుకోవడం మీ పని కాదు.
- పిపెట్‌లో మిగిలిన ఆఖరి చుక్కను ఫట్‌మని ఊది బయటికి తోయొద్దు. అక్కడే బుడగ పగిలి తుంపర లేస్తుంది.
- కెటలేజ్ పరీక్షలో స్లైడు మీద పెరాక్సైడ్ చుక్క వేసి ముఖం దగ్గర పెట్టుకుని చూడొద్దు. పగిలే ప్రతి బుడగా జీవుల్ని పైకి విసురుతుంది. స్లైడును పెట్రీ ప్లేటులో పెట్టి, మూత వేసి, పైనుంచి చూడండి.

రంగులు, రసాయనాలు, మైక్రోస్కోపు

హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో చెప్పిన పద్ధతినే కొద్ది మార్పులతో ఇవాళ మీరూ చేస్తున్నారు. అందులో వాడే క్రిస్టల్ వయొలెట్ చేతికి అంటితే రోజుల తరబడి పోదు. అంటుకున్న రంగు కన్నా, అది ఒంటికి హాని చేసే రసాయనం అన్నదే ముఖ్యం. రంగు పోగొట్టే అసిటోన్, ఆల్కహాల్ రెండూ చప్పున అంటుకుంటాయి.

చేయవలసినవి
- స్మియర్‌ని గాలికి ఆరనిచ్చి, తర్వాతే మంట మీద రెండు మూడుసార్లు చూపించండి. తడి స్మియర్‌ని వేడి చేస్తే చిటపటలాడి తుంపర లేస్తుంది. ఫిక్స్ చేసినంత మాత్రాన అన్నీ చచ్చాయని నమ్మొద్దు, స్లైడు కూడా డిసిన్ఫెక్టెంట్ జార్‌లోకే.
- రంగు పోసేటప్పుడు స్లైడును స్టెయినింగ్ రాక్ మీద పెట్టి, గ్లవ్స్, కళ్లద్దాలు వేసుకోండి.
- మీడియా పొడి తూచేటప్పుడు ఫ్యాను ఆపి, మాస్కు పెట్టుకోండి.
- యాసిడ్‌ను నీళ్లలోకి కొద్దికొద్దిగా పోయాలి. నీళ్లను యాసిడ్‌లోకి ఎప్పుడూ పోయకూడదు.
- మైక్రోస్కోపు ఐపీస్‌ను మీ ముందు బ్యాచ్ వాళ్లందరూ కంటికి ఆనించి ఉంటారు. లెన్స్ పేపరుతో తుడిచాకే చూడండి. కళ్లకలక ఉన్నవాళ్లు ఆ రోజుకి చూడకండి.

చేయకూడనివి
- బ్లీచింగ్ ద్రావణాన్ని యాసిడ్‌తోగానీ, అమోనియా ఉన్న క్లీనర్‌తోగానీ కలపొద్దు. విషవాయువులు వస్తాయి. బ్లీచ్ పోసిన వ్యర్థాల్ని ఆటోక్లేవ్‌లో పెట్టొద్దు.
- నిన్న కలిపిన హైపోక్లోరైట్ ఇవాళ వాడొద్దు. దాని శక్తి తగ్గిపోతుంది. ఏ రోజుకి ఆ రోజే కలపాలి.

ఆటోక్లేవ్, ఓవెన్, లామినార్ ఫ్లో

ఇంట్లో కుక్కర్ మూత ఆవిరి పోకుండా ఎవరూ తీయరు. ఆటోక్లేవ్ కూడా అంతే, కాకపోతే చాలా పెద్దది. చదరపు అంగుళానికి 15 పౌండ్ల పీడనం, 121 డిగ్రీల సెల్సియస్, 15 నుంచి 20 నిమిషాలు అని మీరు పరీక్షలో రాస్తారు. ఆ అంకెలు నిజం కావాలంటే లోపలి గాలి ముందు పూర్తిగా బయటికి పోవాలి. గాలి మిగిలిపోతే గేజి 15 చూపిస్తూనే ఉంటుంది, వేడి మాత్రం 121కి చేరదు. జీవులు బతికే ఉంటాయి.

చేయవలసినవి
- ముందు నీటి మట్టం చూడండి. మూత బోల్టులు ఎదురెదురువి జంటగా బిగించండి. ఆవిరి ధారగా రావడం మొదలయ్యాకే వాల్వ్ మూయండి.
- స్క్రూ మూతల సీసాలు కాస్త వదులుగా ఉంచండి. ఫ్లాస్కులో మీడియా సగానికి మించి పోయొద్దు, పొంగుతుంది.
- గేజి సున్నాకి దిగాక, వాల్వ్ తెరిచి, ముఖం పక్కకి పెట్టి, మూతను మీకు ఎదురు వైపు నుంచి ఎత్తండి. వేడికి ఆగే గ్లవ్స్ తప్పనిసరి.
- అగార్‌ను 45 నుంచి 50 డిగ్రీల దాకా వాటర్ బాత్‌లో చల్లార్చి పోయండి.

చేయకూడనివి
- వేడి ఫ్లాస్కును చెంపకి ఆనించి 'చల్లారిందా' అని చూడొద్దు. ఫ్లాస్కుకి పగులు ఉంటే కాలేది ముఖం.
- అప్పుడే కరిగించిన అగార్‌ను ఒక్కసారిగా కుదపొద్దు. పైకి ప్రశాంతంగా ఉన్నది కుదపగానే ఎగసి చేతుల మీద పడుతుంది.
- హాట్ ఎయిర్ ఓవెన్‌ను 160 డిగ్రీల దగ్గర తెరవొద్దు. చల్లగాలి తగిలితే గాజు పగులుతుంది. అందులో మీడియా, ప్లాస్టిక్, స్పిరిట్‌తో తుడిచిన వస్తువులు పెట్టొద్దు.
- లామినార్ ఫ్లోలో అతినీలలోహిత దీపం వెలుగుతుండగా చెయ్యి పెట్టొద్దు, దాన్ని చూడొద్దు. కళ్లలో ఇసుక పడ్డట్టు మంట కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది.
- లామినార్ ఫ్లో మనల్ని కాపాడుతుందని అనుకోవద్దు. అది కాపాడేది మీడియాను. గాలి లోపలి నుంచి మీ ముఖం వైపే వీస్తుంది. జబ్బు తెచ్చే కల్చర్లకు కావలసింది బయోసేఫ్టీ క్యాబినెట్. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నా పని వేరు.

బయటి నుంచి తెచ్చిన శాంపిళ్లు

విద్యార్థులకు చాలా ఇష్టమైన ప్రాక్టికల్ ఇది. ఫోను, పది రూపాయల నోటు, క్యాంటీన్ టేబులు, పెరుగు, పొలం మట్టి. ప్లేటు మీద రంగురంగుల కాలనీలు చూసినప్పుడు ఆ కళ్లలో కనిపించే ఆశ్చర్యం కోసమే నేను ఈ ఉద్యోగంలో ఉన్నాను. కానీ కొనుక్కొచ్చిన కల్చర్‌ కన్నా ఈ ప్లేటుతోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. అక్కడ పెరిగింది ఏమిటో మీకూ తెలియదు, నాకూ తెలియదు. స్వాబ్ మీద పదో వందో ఉన్నవి రాత్రి గడిచేసరికి కోట్లయ్యాయి.

చేయవలసినవి
- మూత అంచు చుట్టూ టేపు లేదా పారాఫిల్మ్ చుట్టి, మూత మీంచే కాలనీలు లెక్కపెట్టండి.
- శాంపిల్ ఎక్కడిది, ఎప్పుడు తీశారు అన్నది ప్లేటు మీదే రాయండి.

చేయకూడనివి
- టాయిలెట్, గాయం, గొంతు, మురుగుకాలువ శాంపిళ్లు టీచరు అనుమతి లేకుండా తేవొద్దు.
- బయటి శాంపిల్ ప్లేటు తెరిచి సొంతంగా సబ్‌కల్చర్ చేయొద్దు. హాస్టల్ గదికో ఇంటికో ఏ ప్లేటూ తీసుకెళ్లొద్దు.

ఒలికితే, గుచ్చుకుంటే

కల్చర్ ఒలికితే వరుసగా చేయాల్సినవి ఇవి.
1. గట్టిగా చెప్పండి. చుట్టూ ఉన్నవాళ్లు వెనక్కి జరగాలి.
2. మీ బట్టల మీద పడితే ముందు ఏప్రాన్ విప్పండి, ఒంటికి తగిలిన చోట సబ్బుతో కడగండి.
3. గ్లవ్స్ తొడుక్కుని, ఒలికిన చోట టిష్యూలు పరచండి. అప్పుడే కలిపిన బ్లీచ్, ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్లు చొప్పున, అంచుల నుంచి మధ్యకి పోయండి.
4. కనీసం 20 నిమిషాలు అలాగే వదిలేయండి.
5. పగిలిన గాజును పటకారుతోగానీ, అట్టముక్కతోగానీ తీయండి. వేళ్లతో ఏరొద్దు.
6. గాజును దాని డబ్బాలో, మిగతావి వ్యర్థాల సంచిలో వేసి (బ్లీచ్ తగిలింది కాబట్టి ఆటోక్లేవ్‌లో పెట్టకుండా), చేతులు కడుక్కుని, రిజిస్టరులో రాయించండి.

సూది, గాజు గుచ్చుకుంటే నీళ్ల ధార కింద సబ్బుతో కడగండి, నోట్లో పెట్టుకుని పీల్చొద్దు. కంట్లో పడితే 15 నిమిషాలు నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లండి. కాలితే చల్లటి కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచండి. టూత్‌పేస్టు, పసుపు, ఐసు పెట్టొద్దు.

అన్నిటికన్నా పెద్ద తప్పు దాచిపెట్టడం. ఇంటర్నల్ మార్కులు పోతాయనో, తిడతారనో చాలామంది ఒలికినదాన్ని కర్చీఫుతో తుడిచేస్తారు. ఆ కర్చీఫు జేబులో ఇంటికి వెళ్తుంది. టీచర్లుగా మేం చేయవలసింది కూడా ఇక్కడే ఉంది. నిజం చెప్పిన విద్యార్థిని ముందు మెచ్చుకోవాలి, తర్వాతే తప్పు ఎక్కడ జరిగిందో చూడాలి.

ల్యాబు వదిలే ముందు

2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఆస్పత్రులకే కాదు, విద్యాసంస్థలకూ వర్తిస్తాయి. కల్చర్లు, కల్చర్ ప్లేట్లు పసుపు సంచిలోకి, గ్లవ్స్, టిప్పుల లాంటి ప్లాస్టిక్ ఎరుపులోకి, సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి, గాజు నీలం డబ్బాలోకి. కల్చర్లను ముందు ల్యాబులోనే చంపాలి, ఆ తర్వాతే బయటికి పంపాలి. సూదికి మళ్లీ మూత పెట్టొద్దు. ఏ కల్చర్‌నీ సింకులో పారబోయొద్దు. రేపు ఆ సంచి ఎత్తే పారిశుద్ధ్య కార్మికురాలికి అందులో ఏముందో చెప్పేది సంచి రంగు ఒక్కటే.

మీ పాఠ్యపుస్తకంలో రికెట్సియా ప్రొవాజెకి అని ఒక పేరుంది, టైఫస్ జ్వరాన్ని తెచ్చే బ్యాక్టీరియా. హోవర్డ్ రికెట్స్ ఆ జబ్బు మీద పరిశోధన చేస్తూ అదే సోకి 1910లో మెక్సికో నగరంలో చనిపోయారు. స్టానిస్లాస్ వాన్ ప్రొవాజెక్ కూడా అలాగే 1915లో పోయారు. ఇద్దరి పేర్లూ కలిపి ఆ బ్యాక్టీరియాకు పెట్టారు. వాళ్ల కాలంలో లేని రక్షణలన్నీ ఇవాళ మీ బెంచీ మీద ఉన్నాయి. వాడుకోండి.

బెంచీ తుడవండి, ల్యాంపు, గ్యాసు చూడండి, ఏప్రాన్ విప్పండి, ఆఖరున చేతులు కడుక్కోండి. కడిగాక ల్యాబులో మరేదీ ముట్టుకోవద్దు.

తర్వాతి రోజుల్లో మీకుగానీ, ఇంట్లో వాళ్లకుగానీ జ్వరం, విరేచనాలు, తగ్గని పుండు వస్తే మందుల షాపులో యాంటీబయాటిక్ కొనుక్కుని ఊరుకోకండి. డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఆయన అడగకపోయినా ఒక మాట చెప్పండి: 'నేను మైక్రోబయాలజీ చదువుతున్నానండీ, మా ల్యాబులో ఫలానా బ్యాక్టీరియాతో పనిచేశాను.' ప్రాక్టికల్ ముందు మీరు రికార్డులో రాసుకున్న ఆ పేరు అప్పుడు పనికొస్తుంది.